తూకం తప్పితే తీర్పు తప్పుతుంది

వార్షికోత్సవ సంచిక అనగానే హాస్టల్ జ్ఞాపకాలు, కవితలు, స్నేహం గురించి నాలుగు మంచి మాటలు వస్తాయి. అవన్నీ ఉండాల్సిందే. కానీ ఈసారి మేము కాంటా గురించి రాయదలచుకున్నాం. స్టోరు గదిలో ఒక మూల పడి ఉండే కాంటా గురించి. నవ్వుకోకండి. ఆ కాంటా దగ్గర మేము ఒక తప్పు చేశాం. అది తప్పని తెలుసుకోవడానికి మాకు ఎమ్మెస్సీ దాకా చదవాల్సి వచ్చింది.

2015లో మేము ఎనిమిదో తరగతి. ఆ ఏడాది జనవరి నుంచే హాస్టళ్లకు సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. దొడ్డుబియ్యం తిని తిని ఉన్న మాకు సన్నబియ్యం అన్నం పండుగ అన్నంలా ఉండేది. మా హాస్టల్‌కు నెలకు 24 బస్తాలు వచ్చేవి. బస్తా 50 కిలోలు, మొత్తం 1200 కిలోలు. రోజుకు 40 కిలోలు తూకం వేసి వంటకు ఇస్తే సరిగ్గా 30 రోజులు రావాలి. లెక్క అంత సులభం. అయితే వర్షాకాలంలో రెండు నెలలు వరుసగా 29వ రోజుకే బియ్యం అయిపోయాయి. ఆ రోజు రాత్రి అటుకులతో సరిపెట్టారు. రిజిస్టరులో చూస్తే మాత్రం ఇంకా 60 కిలోల పైచిలుకు ఉండాలి.

ఆ 60 కిలోలు ఎక్కడికి పోయాయి? మాకు జవాబు వెతకాల్సిన పని కూడా లేకపోయింది. వంట చేసే పెద్దమ్మ పేదది, భర్త లేనిది, సాయంత్రం చేతిలో సంచి పట్టుకొని ఇంటికి వెళ్లేది. ఇంకేం కావాలి? ఆమే తీసుకుపోతోందని మేమే మొదట అన్నాం. మాట వార్డెన్ సారు దాకా పోయింది. ఆ తర్వాత రోజూ గేటు దగ్గర ఆమె సంచి విప్పి చూపించాల్సి వచ్చింది. మేము వరండాలో నిలబడి చూసేవాళ్లం. సంచిలో ఎప్పుడూ ఒక పాత చీర, టిఫిన్ డబ్బా తప్ప ఏమీ కనబడలేదు. "తెలివిగలది" అనుకున్నాం.

ఆమె ఒక మాట పదే పదే చెప్పింది. "బిడ్డా, నేను డబ్బాతోని కొలుస్త. ఇంతకుముందు నలభై కిలోలంటే ఇన్ని డబ్బాలు పట్టేటివి. ఇప్పుడు రెండు డబ్బాలు ఎక్కువ పడుతున్నయి. మీ కాంటానే ఏదో తప్పు జూపుతుంది." ఎవరం వినలేదు. కరెంటుతో నడిచే కాంటా, ఎర్ర అంకెలు చూపించే కాంటా తప్పు చెబుతుందా? అక్షరం రాని మనిషి, తుప్పు పట్టిన డబ్బా నిజం చెబుతాయా?

దసరా సెలవుల్లో హాస్టల్‌కు సున్నాలు వేశారు. స్టోరులోని బస్తాలన్నీ జరిపారు. తరువాతి నెల బియ్యం 30 రోజులూ వచ్చాయి. మేము ఏమనుకున్నామో తెలుసా? "భయపడి దొంగతనం మానేసింది" అని. ఆమె నిర్దోషి అని చెప్పాల్సిన సాక్ష్యాన్నే మేము ఆమె మీద నేరం రుజువు చేయడానికి వాడుకున్నాం.

కొన్నేళ్ల తర్వాత ఎమ్మెస్సీ ప్రయోగశాలలో లోడ్‌సెల్ మీద ప్రయోగం చేస్తున్నాం. పళ్లెం అంచు పక్కనున్న స్టాండుకు తగిలింది. రీడింగు పడిపోయింది. పళ్లెం మీది బరువులో కొంత భాగాన్ని స్టాండు మోస్తోంది, అందుకే లోడ్‌సెల్‌కు తక్కువ తెలిసింది. అప్పుడు మాకు ఆ స్టోరు గది కళ్ల ముందు కదిలింది. వర్షాలకు గోడ చెమ్మ ఎక్కుతుందని బస్తాలను ముందుకు జరిపి పేర్చారు. ఆ బస్తాల వరుస కాంటా పళ్లేనికి ఒరిగి ఉండేది. కాంటా 40 చూపించేసరికి దాని మీద ఉన్నవి సుమారు 42 కిలోలు. రోజుకు 2 కిలోలు, నెలకు 60 కిలోలు. పెద్దమ్మ చెప్పిన రెండు డబ్బాలు అవే.

అంటే ఆ బియ్యాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. రోజూ కొంచెం ఎక్కువ అన్నం వండుకొని మేమే తిన్నాం. తిన్నది మేము, సంచి విప్పి చూపించింది ఆమె. ఈ వ్యాసం ఆమెకు ఆలస్యంగా చెబుతున్న క్షమాపణ కూడా.

ఇక్కడి నుంచే మా వాదన మొదలవుతుంది. తూకంలో కచ్చితత్వం అనేది ఏదో పెద్ద శాస్త్రవేత్తల విషయం, మనలాంటి వాళ్లకు ఎందుకు అని చాలామంది అనుకుంటారు. మేము అలా అనుకోవడం లేదు. కాంటా నమ్మదగింది కానప్పుడు పొరపాటుకూ దొంగతనానికీ తేడా తెలియదు. తేడా తెలియనప్పుడు నింద ఎప్పుడూ అందరికంటే బలహీనుల మీదే పడుతుంది. అసలు దొంగ ఉంటే అతనికీ అదే మేలు, "కాంటా అంతేలే" అని తప్పించుకుంటాడు. కాబట్టి కచ్చితమైన తూకం ముందుగా పేదవాడికే అవసరం.

కుంచాల కాలం నుంచి కిలోల కాలం దాకా

మన పెద్దల కొలతలు మీకు తెలిసినవే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. పద్ధతి బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో సరిపోయేది కాదు. దొరల గడీల్లో రెండు కుంచాలుండేవని, కూలి కొలిచి ఇచ్చేటప్పుడు చిన్నది, అప్పు తిరిగి కొలిచి తీసుకునేటప్పుడు పెద్దది వచ్చేదని మా తాతల తరం వాళ్లు చెబుతారు. కొలపాత్ర ఎవరి చేతిలో ఉంటే న్యాయం వారి చేతిలో ఉండేది.

తెలంగాణ రైతాంగ పోరాటానికి నల్లగొండ గుండెకాయ అయిందంటే అందులో ధాన్యం కథ చాలా ఉంది. యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం వసూలు చేసిన లెవీ ధాన్యం, వెట్టి, నాగులు ఇవన్నీ జనాన్ని పీల్చాయి. అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనీయకుండా సంఘం అండతో ఇంటికి చేర్చుకుంది. పండిన గింజను ఎవరు కొలవాలి, ఎవరు తీసుకుపోవాలి అన్నదే ఆ పోరాటం అడిగిన ప్రశ్నల్లో ఒకటి.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమల్లోకి వచ్చాయి. సేర్లు, మణుగులు పోయి గ్రాములు, కిలోలు వచ్చాయి. మనం దీన్ని కేవలం లెక్కల సౌలభ్యంగా చూస్తాం. కానీ దేవరకొండ కిలో, గద్వాల కిలో, ఢిల్లీ కిలో ఒకటే కావడం అంటే చిన్న మాట కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ ఒక హెచ్చరిక చేశారు. రాజకీయాల్లో సమానత్వం వస్తుంది గానీ సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం అలాగే ఉంటుందని, ఆ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోవాలని ఆయన చెప్పారు. అందరికీ ఒకే కిలో అన్నది ఆ దారిలో ఒక చిన్న మెట్టు అని మా అభిప్రాయం. ఓటు మాదిరిగానే కిలో కూడా మనిషిని చూసి మారకూడదు.

కిలోకు చుట్టాలు ఎవరు?

మన ఊరి కిరాణా కొట్టులోని బాటుకు వంశవృక్షం ఉంటుందంటే నమ్ముతారా? కొట్టులోని బాటును తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు తన దగ్గరున్న వర్కింగ్ స్టాండర్డ్‌తో పోల్చి ముద్ర వేస్తారు. ఆ వర్కింగ్ స్టాండర్డ్‌ను రాష్ట్రంలోని సెకండరీ స్టాండర్డ్‌తో పోలుస్తారు. దాన్ని బెంగళూరు వంటి చోట్ల ఉన్న ప్రాంతీయ రిఫరెన్స్ ప్రమాణాల ప్రయోగశాలల్లో పరీక్షిస్తారు. వాటికి పైన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. అక్కడ ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన 57వ నంబరు కిలోగ్రాము మన దేశపు కిలోగా ఉండేది. అది 1889 నుంచి పారిస్ దగ్గర సేవ్ర్‌లో భద్రపరిచిన అంతర్జాతీయ కిలోగ్రాముకు నకలు.

ఆ పారిస్ కిలో కూడా నిలకడగా లేదు. వందేళ్లలో దానికీ, దాని నకళ్లకూ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. ఇసుక రేణువంత కూడా కాదు. అయినా ప్రపంచ శాస్త్రవేత్తలు దాన్ని వదిలిపెట్టలేదు. 2018 నవంబరులో తీర్మానం చేసి, 2019 మే 20 నుంచి కిలోగ్రామును ఏ లోహపు ముద్దతోనూ కాకుండా ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచించారు. కిబుల్ బ్యాలెన్సు అనే యంత్రంతో విద్యుత్ బలాన్నీ బరువునూ పోల్చి ఆ నిర్వచనాన్ని ఆచరణలోకి తెస్తారు.

50 మైక్రోగ్రాముల తేడాకే ప్రపంచమంతా కూర్చొని మాట్లాడింది. మా స్టోరులో రోజుకు 2 కిలోల తేడా వస్తే ఎవరూ కూర్చోలేదు. ఒక పెద్దమ్మ సంచి మాత్రం విప్పించారు. శాస్త్రం చివరి మెట్టు దాకా దిగి రాలేదన్నది మా బాధ.

కాంటా లోపల ఏముంది?

ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు పరీక్ష కోసం కాకపోయినా ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. పాతకాలపు తరాజు ద్రవ్యరాశిని పోల్చుతుంది. రెండు చేతులు సమానంగా ఉంటే రెండు వైపులా టార్కు సమానమై దండె నిలుస్తుంది. ఒక చెయ్యి కాస్త పొడుగైతే తూకం తప్పుతుంది. మోసాన్ని పట్టే ఉపాయం కూడా తరాజులోనే ఉంది. సరుకును ఒకసారి కుడి పళ్లెంలో, ఒకసారి ఎడమ పళ్లెంలో పెట్టి తూచండి. ఒకవైపు 960, మరోవైపు 1040 గ్రాములు వస్తే ఆ రెండింటినీ గుణించి వర్గమూలం తీయండి. 999 గ్రాములు వస్తుంది. అదే అసలు బరువు. తరాజు తప్పుదైనా మనం నిజం రాబట్టవచ్చు.

ఎలక్ట్రానిక్ కాంటా పద్ధతి వేరు. అది ద్రవ్యరాశిని కాదు, బలాన్ని కొలుస్తుంది. లోడ్‌సెల్ అనే లోహపు దిమ్మె మీద సన్నని తీగల పట్టీలు అతికించి ఉంటాయి. బరువు పడితే దిమ్మె కంటికి కనిపించనంతగా వంగుతుంది, తీగల నిరోధం మారుతుంది. ఆ మార్పును అంకెలుగా చూపిస్తుంది. బలం మీద ఆధారపడింది కాబట్టి భూమ్యాకర్షణ తేడా కూడా దాన్ని తాకుతుంది. ఢిల్లీలో సరిచేసిన కాంటాను మళ్లీ సరిచేయకుండా మన దగ్గర వాడితే 50 కిలోలకు సుమారు 40 గ్రాములు తక్కువ చూపుతుంది. అందుకే కాంటాను వాడే చోటనే సరిచూడాలి. పళ్లెం పక్కకు తగిలినా, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, ఎండకు వేడెక్కినా, బస్తాను దబ్బున పడేసినా లెక్క మారుతుంది.

ఇంకో విషయం. కాంటా మూడుసార్లూ ఒకే అంకె చూపింది కాబట్టి సరైనదే అనుకోవద్దు. మా స్టోరు కాంటా రోజూ ఒకే రకంగా తప్పు చెప్పింది. నిలకడ వేరు, నిజం వేరు. రోజూ ఒకే అబద్ధం చెప్పేవాడిని మనం నిలకడైనవాడు అంటాం గానీ నిజాయితీపరుడు అనం కదా!

చట్టం ఎంత తప్పును ఒప్పుకుంటుందో కూడా తెలుసుకోవాలి. 20 గ్రాముల విభాగాలున్న 100 కిలోల మామూలు వ్యాపారపు కాంటాకు 40 కిలోల దగ్గర స్టాంపు వేసేటప్పుడు ఉండదగిన తప్పు 20 గ్రాములు. వాడకంలో ఉన్నప్పుడు రెట్టింపు, అంటే 40 గ్రాములు. మా స్టోరులో వచ్చిన తప్పు దానికి 50 రెట్లు.

మార్కెట్లో బస్తా, వీపు మీద బస్తా

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. మా నాన్న హమాలీ. సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరాలంటే మధ్యలో మా నాన్న లాంటి వాళ్ల వీపులు ఉండాలి. తూకంలో తప్పు గురించి మాట్లాడేటప్పుడు అందరూ రైతు నష్టం గురించి చెబుతారు. అది నిజమే. యాసంగి వచ్చిందంటే కొనుగోలు కేంద్రాల్లో తరుగు పేరుతో బస్తాకు కిలోలకు కిలోలు కోస్తున్నారన్న ఫిర్యాదు రెండు జిల్లాల్లోనూ ఏటా వినబడుతుంది. కానీ హమాలీ నష్టం ఎవరూ రాయరు.

కాగితం మీద 40 కిలోల బస్తా. తరుగు కోసం అందులో 43 కిలోలు నింపుతారు. హమాలీకి కూలి 40 కిలోలకే వస్తుంది. రోజుకు 200 బస్తాలు మోస్తే 600 కిలోలు, అంటే ఆరు క్వింటాళ్లు ఉత్త పుణ్యానికి మోసినట్టు. మా నాన్నకు ఈ లెక్క రాదు. కానీ ఆయన అంటాడు, "బాటు మోసం చేస్తది గని వీపు మోసం చేయది బిడ్డా. ఎత్తంగనే తెలుస్తది." ఆయన నడుం నొప్పికి ఏ రిజిస్టరులోనూ కాలమ్ లేదు.

తరుగు అసలే వద్దని మేము అనడం లేదు. తడి వడ్లకు, పొడి వడ్లకు తేడా ఉండాలి. వడ్లలో తేమ 17 శాతం మించకూడదని నిబంధన. 20 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లలో పొడి పదార్థం 80 కిలోలు. అవే వడ్లు 17 శాతానికి ఆరితే 80ని 0.83తో భాగించాలి. 96.4 కిలోలు వస్తాయి. అంటే న్యాయమైన తరుగు క్వింటాలుకు 3.6 కిలోలు, 40 కిలోల బస్తాకు సుమారు కిలోన్నర. 17 శాతమే ఉంటే తేమ పేరుతో తరుగు సున్నా. ఖాళీ గోనెసంచి బరువు అర కిలో పైన ఉంటుంది, దాన్ని తూచి తీసివేయవచ్చు. ఇది పదో తరగతి పిల్లలు చేయగలిగే లెక్క. లెక్క వేయగలిగిన చోట అందాజా ఎందుకు? అందాజా ఎప్పుడూ ఒకవైపుకే ఎందుకు మొగ్గుతుంది?

పానా పట్టినవాళ్ల కోసం

మన హాస్టల్‌లో చదివినవాళ్లు అందరూ ఎమ్మెస్సీలు చేయలేదు. చాలామంది ఐటీఐ చేసి ట్రాక్టర్ షెడ్లలో, బోరు మోటార్ల దగ్గర, జడ్చర్ల, చౌటుప్పల్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. వారికీ ఈ విషయంతో సంబంధం ఉంది. నట్టు ఎంత బిగించాలన్నది టార్కు లెక్క. "చెయ్యికే తెలుస్తది" అని మిత్రులు అంటారు. అనుభవానికి విలువ ఉంది, కాదనం. కానీ అలసిపోయిన సాయంత్రం చెయ్యి, పొద్దుటి చెయ్యి ఒకటి కాదు. తక్కువ బిగిస్తే చక్రం ఊడుతుంది, ఎక్కువ బిగిస్తే బోల్టు సాగి లోలోపల తెగుతుంది. ట్రాలీ నిండా కూలీలు ఉన్నప్పుడు ఆ బోల్టు తెగితే ఏమవుతుందో మన ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు.

టార్క్ రెంచి కొనలేని షెడ్డులో కూడా ఒక పని చేయవచ్చు. 30 సెంటీమీటర్ల పానా చివర స్ప్రింగు కాంటా తగిలించి, పానాకు లంబంగా లాగండి. 20 కిలోలు చూపిందంటే సుమారు 59 న్యూటన్ మీటర్ల టార్కు. అదే పానాకు పైపు తొడిగి 60 సెంటీమీటర్లు చేస్తే అదే లాగుడుకు రెట్టింపు అవుతుంది. పైపు తొడిగి బిగించడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు అర్థమవుతుంది. చెయ్యి ఎంత లాగుతోందో ఒక్కసారి కొలిచి చూసుకుంటే ఆ చెయ్యి కూడా నేర్చుకుంటుంది. అయితే ఆ స్ప్రింగు కాంటాను కూడా ముద్ర ఉన్న బాటుతో సరిచూసుకున్నాకే నమ్మాలి.

కొందరి అభ్యంతరం

"పేదవాడిని కొలవడం ఇప్పటికే ఎక్కువైంది. రేషన్ షాపులో వేలిముద్ర, ఉపాధి పనిలో కొలతలు, హాస్టల్‌లో గ్రాముల మెనూ. ఇంకా కొలవమంటారా?" అని ఒక మిత్రుడు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్నే. పాలమూరు వలస కూలీలు దేశమంతా మట్టి పనులు చేశారు. తవ్విన గుంతను మేస్త్రీ కొలిచిందే కొలత, ఇచ్చిందే కూలి. కొలతంటే వాళ్లకు భయం ఉండటం సహజం.

కానీ ఆ భయానికి కారణం కొలత కాదు, ఒకవైపు కొలత. ఒకడు కొలుస్తాడు, ఇంకొకడు తల దించుకొని ఒప్పుకుంటాడు. కొలవబడేవాడు తిరిగి ఆ కాంటాను పరీక్షించగలిగిన రోజు కొలత అతనికి ఆయుధం అవుతుంది. పెద్దమ్మ తన డబ్బాతో చేసింది అదే. ఆమె మా కాంటాను పరీక్షించింది. ఆమె చేసిందే నిజమైన శాస్త్రం. చదువుకున్న మేము చేసింది మూఢనమ్మకం, ఎర్ర అంకెల మీద మూఢనమ్మకం.

ఏం చేయాలి?

2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 నాటి నియమాలు మన చేతిలో ఉన్నాయి. ఎలక్ట్రానిక్ కాంటాను ఏడాదికి ఒకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి, ధ్రువపత్రం కనబడేలా పెట్టాలి. కాంటా వాడేవారు దాని సామర్థ్యంలో పదో వంతు ముద్ర బాట్లు అక్కడే ఉంచుకోవాలని కూడా నియమం ఉంది. 100 కిలోల కాంటా పక్కన 10 కిలోల బాటు ఉండాలన్నమాట. మీ హాస్టల్ స్టోరులో ఉందా? రేపు పొద్దున వెళ్లి చూడండి.

హాస్టల్ ఫుడ్ కమిటీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా సూచనలు ఇవి.

ఒకటి. కాంటా చుట్టూ జానెడు ఖాళీ ఉంచాలి. నేల సమంగా ఉందో లేదో చూడాలి. ఖాళీ కాంటా సున్నా చూపాలి.

రెండు. ముద్ర బాటును పళ్లెం మధ్యలో, తర్వాత నాలుగు మూలలా పెట్టి చూడాలి. అయిదు చోట్లా ఒకే అంకె రావాలి.

మూడు. బియ్యం బస్తా కాంటా మీద ఉండగానే దాని మీద 10 కిలోల బాటు పెట్టాలి. అంకె సరిగ్గా 10 పెరగాలి. ఎక్కువ బరువు దగ్గర తప్పు ఉంటే ఇక్కడ దొరుకుతుంది.

నాలుగు. బాటు లేకపోతే ముద్ర ఉన్న లీటరు కొలపాత్రతో 20 లీటర్ల నీళ్లు కొలిచి తూచండి. పాత్ర బరువు తీసేస్తే మన ఎండలకు 19.9 కిలోలు రావాలి. ఇది మోటు పరీక్షే, కానీ కిలోల్లో ఉన్న తప్పును పట్టిస్తుంది.

అయిదు. వచ్చిన బస్తాలను లెక్కపెట్టి వదిలేయకుండా తూచి తీసుకోవాలి. పరీక్ష ఫలితాన్ని తేదీతో రిజిస్టరులో రాసి, విద్యార్థి ఒకరు, వంట సిబ్బంది ఒకరు, వార్డెన్ సారు సంతకాలు పెట్టాలి. వంట సిబ్బంది సంతకం తప్పనిసరి. ఎందుకో మీకు చెప్పాం.

ప్రభుత్వాన్ని కూడా మేము కోరేది ఉంది. 2024 నవంబరు నుంచి మెస్ చార్జీలు 40 శాతం పెంచారు. ఇంటర్ నుంచి పీజీ వరకు నెలకు 1500 రూపాయలు ఉన్నది 2100 అయింది. సంతోషం. ఆ డబ్బు గింజగా మారి కంచంలోకి వచ్చే దారిలో కాంటా ఉంది. ప్రతి హాస్టల్‌కు ఒక ముద్ర బాటు ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఎంత? ప్రతి కొనుగోలు కేంద్రంలో అందరికీ కనబడేలా ఒక పరీక్ష బాటు ఉంచి, ఏ రైతైనా, ఏ హమాలీ అయినా అడిగితే కాంటాను పరీక్షించి చూపాలి. తేమకు ఎంత తరుగో పట్టిక గోడ మీద రాయాలి. అంతకు మించి కోయకూడదు.

చివరగా పై చదువులకు వెళ్లే మిత్రులకు ఒక మాట. సాఫ్ట్‌వేర్, గ్రూప్స్ మాత్రమే దారులు కావు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో, కాలిబ్రేషన్ ల్యాబుల్లో, తూనికలు, కొలతల శాఖలో మన పిల్లలు ఉండాలి. తూకంలో మోసపోయిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు తూకం విలువ ఎవరూ కొత్తగా నేర్పక్కరలేదు.

పెద్దమ్మ ఇప్పుడు ఆ హాస్టల్‌లో పని చేయడం లేదు. ఈ సంచిక అచ్చయ్యాక ఆమె ఊరికి వెళ్లి చదివి వినిపించాలని మేము అనుకున్నాం. చదవడం రాని ఆమె దగ్గర కూర్చొని, ఎన్నో ఏళ్లు చదివాక మాకు అర్థమైన సంగతి ఆమెకు ముందే తెలుసని చెప్పాలి. ఆమె ఏమంటుందో తెలియదు. ఏమన్నా పడటానికి సిద్ధంగానే ఉన్నాం.

మిత్రులారా! ఎవరి సంచి విప్పించే ముందైనా, ఒక్కసారి కాంటా చుట్టూ చూడండి.